చిన్న ఇసుక ప్లవర్, పెద్ద ఇసుక ప్లవర్, క్రిస్టీనా మేడమ్

మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో క్రిస్టీనా మేడమ్ ఉన్నప్పుడు ఎవరూ ఫోన్‌లో పిట్ట ఫొటో తెరిచేవాళ్ళు కాదు. తెరిస్తే ఆవిడ చూస్తుంది. చూస్తే ఏదో ఒకటి అంటుంది. అన్నాక ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలో అన్నం సహించదు.

ఆవిడ సంగతి తెలియని కొత్తలో, కామర్స్ చెప్పే కోటేష్ ఒక సోమవారం ఉత్సాహంగా వచ్చాడు. ఆదివారం వాడరేవు బీచికి వెళ్ళి తీసిన ఫొటో అది. ఫొటోలో ఒకచోట ఎర్రగా సున్నా చుట్టి, "మేడమ్, ఇది పెద్ద ఇసుక ప్లవరే కదండీ?" అని అడిగాడు.

ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. కూర్చున్నచోటు నుంచే చూసింది.

"కోటేష్ గారూ, మీరు సున్నా చుట్టింది పిట్టకి కాదు. కొట్టుకొచ్చిన చెప్పుకి. పిట్ట దాని పక్కన ఉంది. అదీ చిన్నదే. మీరు బ్యాలన్స్ షీట్లు చెప్పుకోండి, పిల్లలు బాగుపడతారు."

అందరం వంగి చూశాం. నిజంగానే చెప్పు. ఆవిడతో వచ్చిన చిక్కంతా అదే. చాలాసార్లు ఆవిడ చెప్పేది నిజమే. నిజం చెప్పే మనిషి మీద గౌరవం ఉండాలంటారు. నాకు క్రిస్టీనా మేడమ్ మీద ఏనాడూ కలగలేదు. కారణం చెప్పాలంటే ఆవిడ కథ కొంత చెప్పాలి. నా పేరు శ్రీరమ్య. ఆ కాలేజీలోనే తెలుగు చెప్తాను. చీరాలలో ఆవిడ వాళ్ళ పక్క వాటాలోనే అద్దెకుంటున్నాను. గోడ పలచన, వినాలని లేకపోయినా వినిపిస్తుంది.

ఆవిడది సత్తెనపల్లి పక్కన పల్లె. తల్లి ఆదెమ్మ మిరపకోతలకి పోయేది. తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు, పత్తి దిగే రోజుల్లో మూటలు మోసేవాడు. సెలవు రోజుల్లో క్రిస్టీనా కూడా తల్లితో కోతకి వెళ్ళేది. మిరపకాయలు ఎండబోసిన కల్లంలో దాహమేస్తే రైతు ఇంటి మనిషి చెంబు పైకెత్తి దోసిట్లోకి నీళ్ళు పోసేది. ఒకసారి ఈ పిల్ల తొందరపడి చెంబు పట్టుకోబోతే, "ముట్టుకోకు" అని అరిచిందట. ఆ సంగతి ఆవిడ నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది.

"వాళ్ళ పిల్లాడు నా క్లాసే రమ్యా. వాడికి తొమ్మిదో ఎక్కం రాదు. నాకు వచ్చు. అప్పుడే అనుకున్నా, వీళ్ళంతా నా కాలిగోటికి కూడా చాలరని."

అక్కడిదాకా నాకు ఆవిడ మీద ఏ ఫిర్యాదూ లేదు. ఎదుటివాడు తనకంటే తక్కువని నమ్మకపోతే, తనను తక్కువన్న ఊళ్ళోంచి ఆ పిల్ల ఎమ్మెస్సీ జువాలజీ దాకా వచ్చి ఉండేది కాదేమో. ఇబ్బంది ఆ తర్వాతది. తక్కువ చేసినవాళ్ళ ఊరు దాటి వచ్చేసినా ఆవిడకి ఎదురుగా ఎప్పుడూ ఎవడో ఒకడు తక్కువవాడు కావాలి. ఫెయిలైన పిల్లలు, పాసైన పిల్లలు, ప్రిన్సిపాల్, కూరగాయలమ్మే సాజిదా, చర్చిలో కొత్తగా వచ్చిన పాస్టర్ గారు, ఎవరైనా సరే. ఎవరూ దొరకని పూట మొగుడు ఉండేవాడు.

ఆయన పేరు జయపాల్. బస్టాండులో కంట్రోలర్. మైకులో బస్సుల పేర్లు చదువుతాడు. "ఒంగోలు వెళ్ళు బస్సు రెండవ నంబరు ప్లాట్‌ఫారంపై ఉన్నది" అనే ఆ గొంతు చీరాలలో తెలియనివాళ్ళు లేరు. చర్చి కాయిర్‌లో కూడా ఆయన గొంతే అన్నిటికంటే కింద నిలబడి మిగిలిన గొంతులను మోస్తుంది. టీ కొట్టు సుభానీ దగ్గర నుంచి డిపో మేనేజర్ దాకా అందరితో కబుర్లు. ఇంట్లో మాత్రం ఆయన గొంతు గోడ దాటి మా వైపు రావటం నేను చాలా అరుదుగా విన్నాను. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆయన్ని "ఏవండీ" అనేదట. నేను పక్కింటికి వచ్చేసరికి "నువ్వు"కి దిగింది. ఆయన మాత్రం "క్రిస్టీ" అనే పిలిచేవాడు.

పిట్టల పిచ్చి ఆవిడకి ఉద్యోగంలో చేరాక పట్టుకుంది. తీరం వెంబడి పక్షులను లెక్కపెట్టటానికి బయటినుంచి ఒక బృందం వచ్చింది. వాళ్ళకి స్థానికంగా జువాలజీ తెలిసినవాళ్ళు కావాల్సి వచ్చారు. ఆవిడ వెళ్ళింది. రెండు చలికాలాలు తిరిగేసరికి నేర్పినవాళ్ళని దాటిపోయింది. అందులో అబద్ధం లేదు. కన్ను అంత మంచిది, ఓపిక అంతకంటే ఎక్కువ. గంటలు గంటలు ఎండలో నిలబడేది. మనుషుల మీద చూపించని ఓపికంతా పిట్టల మీద పెట్టింది.

జనం తాము చూసిన పిట్టల వివరాలు, ఫొటోలతో సహా, ఎక్కించుకునే వెబ్‌సైట్ ఒకటుంది. ఎవరైనా ఎక్కించవచ్చు. అరుదైన పేరేదైనా కనిపిస్తే ఆ జిల్లాకి నియమించినవాళ్ళు సరిచూసి ఒప్పుకోవాలి, లేదంటే కొట్టేయాలి. మా జిల్లాకి ఆ పని క్రిస్టీనా మేడమ్‌కి అప్పగించారు. జీతం లేని పని. జీతమిచ్చినా ఎవరూ అంత శ్రద్ధగా కొట్టేయరు.

ముఖ్యంగా ఆవిడ కొట్టేసేది పెద్ద ఇసుక ప్లవర్‌ని.

వాడరేవు జనం ఒడ్డున పరుగెత్తే చిన్న పిట్టలన్నిటినీ కలిపి ఉల్లంకులనేస్తారు. ఇసుక ప్లవర్లు కూడా వాళ్ళ లెక్కలో ఉల్లంకులే. ఇవి రెండు రకాలు. ఎక్కడో చలిదేశాల్లో, కొండల్లో, ఎడారుల్లో గుడ్లు పెట్టుకుని, చలికాలానికి మన తీరానికి వస్తాయి. వచ్చేసరికి రెండిటికీ ఒకటే వేషం. వీపు తడి ఇసుక రంగు, పొట్ట తెలుపు. పక్కపక్కన నిలబడితే అక్కాచెల్లెళ్ళనుకుంటాం. తేడా ఎక్కడంటే, చిన్నదాని ముక్కు పొట్టిగా మొద్దుగా ఉంటుంది, కాళ్ళు నల్లగా ఉంటాయి. పెద్దదానికి ముక్కు బలమైనది. దాన్ని వెనక్కి తిప్పి ముఖం మీద ఆనిస్తే కొస కంటిని దాటిపోతుంది. కాళ్ళు పొడుగు, పసుపూ పచ్చా కలిసిన లేత రంగు. ఎగిరితే కాలివేళ్ళు తోక దాటి బయటికి కనిపిస్తాయి. రెండూ పరుగెత్తి, టక్కున ఆగి, ఇసుకలోకి చూసి, మళ్ళీ పరుగెత్తే రకాలే. కాకపోతే పెద్దది ఆగినచోట కాసేపు ఎక్కువ ఆగుతుంది. చిన్నవి మా తీరానికి గుంపులుగా వస్తాయి. పెద్దది అప్పుడప్పుడూ ఒకటీ అరా రావచ్చని పుస్తకాల్లో ఉంది.

ఇవన్నీ నాకు ఆవిడే చెప్పింది. చాలా చక్కగా చెప్పింది కూడా. చివర్లో ఒక ముక్క కలిపింది: "పెద్దది ఇక్కడికి వస్తే నాకు కనపడకుండా పోతుందా?"

కాబట్టి ఎవరు పెద్దదాన్ని చూశామన్నా ఆవిడ కొట్టేసేది. కొట్టేసి ఊరుకోదు, కింద ఒక వాక్యం రాసేది. ఆ వాక్యాలు చదివి బాపట్లలో ఒక బ్యాంకు ఉద్యోగి ఏకంగా బైనాక్యులర్స్ అమ్మేసుకున్నాడని విన్నాం. ఆవిడ ఆ మాట విని నవ్వింది. "తీరానికి మంచిదే" అంది.

జయపాల్ గారు పిట్టలు చూడటం మొదలుపెట్టింది పిట్టల కోసం కాదు. శనివారం పొద్దున్నే ఆవిడ స్కూటర్ మీద వాడరేవు వెళ్ళిపోతే ఇల్లు బోసిపోయేదట. ఒక శనివారం, "నేను కూడా రానా క్రిస్టీ, ఆ స్టాండు మోస్తాను" అన్నాడు. ఆవిడ మోయనిచ్చింది. అప్పటినుంచీ టెలిస్కోపు పెట్టే మూడుకాళ్ళ స్టాండు ఆయన భుజం మీదే. చూడనిచ్చేది మాత్రం తక్కువ. ఆయన తన డబ్బుతో చవకరకం బైనాక్యులర్స్ కొనుక్కుంటే, "పేకాటలో పోగొట్టినా ఇంతకంటే పనికొచ్చేది" అంది.

మార్చి నెల, ఒక శనివారం. ఆవిడ, జయపాల్ గారు, కోటేష్, నేను వాడరేవు వెళ్ళాం. కోటేష్ చెప్పు సంగతి మర్చిపోయి మళ్ళీ పిట్టల్లో పడ్డాడు. ఎన్ని తిట్లు పడినా మళ్ళీ వచ్చేరకం. చేపలు ఎండబెట్టిన వలల పక్కనుంచి, పడవల సందుల్లోంచి దక్షిణంగా నడిచి, జనం పలచబడ్డ చోట ఆగాం. ఆటు సమయం, సముద్రం వెనక్కి తీసి ఉంది. తడి ఇసుక మీద ఇసుక ప్లవర్ల గుంపు. వాటి రొమ్ముల మీద ఇటికరంగు అప్పుడప్పుడే తేలుతోంది. ఇంకొన్నాళ్ళలో వెళ్ళిపోయేవి.

ఆవిడ స్కోపులో కన్ను పెట్టి లెక్కపెడుతోంది. ఎవరూ మాట్లాడకూడదు.

"క్రిస్టీ" అన్నాడు జయపాల్ గారు, మెల్లగా. "ఆ చివర ఒకటి కాస్త ఎత్తుగా ఉంది చూడు. కాళ్ళ రంగు కూడా వేరుగా ఉంది."

"దేని చివర?"

"అదే, నీలం పడవకి ఇవతల."

"నీలం పడవకి ఇవతల నువ్వున్నావు. నీ కాళ్ళ రంగు కూడా వేరే."

కోటేష్ నవ్వాడు. జయపాల్ గారు కూడా నవ్వాడు, ఆయనకది అలవాటే. కాని ఆ రోజు ఎందుకో వదల్లేదు.

"ఒక్కసారి ఇటు తిప్పు, చూపిస్తాను" అంటూ స్కోపు మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోకు!"

నేను గబుక్కున ఆవిడ ముఖంలోకి చూశాను. అక్కడ ఏమీ లేదు. ఆ మాట తను ఎక్కడ విన్నదో ఆవిడకి గుర్తున్నట్టు లేదు. గుర్తుండి కూడా అని ఉంటే అది ఇంకా ఘోరం.

"పెద్దదట! బస్సులనుకున్నావా, ముందు బోర్డు చూసి చదివేయటానికి? పోనీ మైకు తెచ్చుకుని పిలువు. నీ పిట్ట ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడుతుంది. అప్పుడు అందరం చూద్దాం."

ఆవిడ తల తిప్పలేదు. అది పదడుగులు వేసే పని కూడా కాదు, మెడ తిప్పటమే. జయపాల్ గారు కాసేపు తన చవక బైనాక్యులర్స్‌తో అటే చూశాడు. తర్వాత దాన్ని సంచిలో పెట్టేశాడు. స్టాండు భుజానికెత్తుకున్నాడు. ఆవిడ దారంతా, తెలియనివాళ్ళకి కళ్ళుండటం ఎంత ప్రమాదమో మాకు వివరించింది.

ఆ మర్నాడు చర్చి అయ్యాక ఆయన ఒక్కడే ఆటో ఎక్కి వాడరేవు వెళ్ళాడు. అది నాకు తర్వాత తెలిసింది. కెమెరా కోటేష్‌ది అడిగి తీసుకున్నాడు. ఇసుకలో బోర్లా పడుకుని ఫొటో తీశాడు. ఫొటో గొప్పగా ఏమీ రాలేదు గాని పిట్ట పిట్టలా వచ్చింది. కోటేష్ సాయంతో తన పేరు మీదే వెబ్‌సైట్‌లో ఎక్కించాడు: పెద్ద ఇసుక ప్లవర్, ఒకటి, వాడరేవు.

ఆ వారంలోనే నేను మా అక్క వాళ్ళింటికి వెళ్ళటానికి బస్టాండులో నిలబడి ఉంటే, ఆయన కంట్రోలర్ గదిలోంచి చెయ్యి ఊపి పిలిచాడు. ఫోన్ నా ముందు పెట్టాడు.

"చదవండి రమ్య గారూ."

ఆయన ఎక్కించింది కొట్టేసి ఉంది. కింద ఆవిడ వాక్యం: "పరిశీలకుడికి ప్రాథమిక జ్ఞానం లేదు. ఇది చిన్న ఇసుక ప్లవరే. ఇలాంటివి పంపి ఇతరుల సమయం వృథా చేయవద్దు."

"ఇది అందరికీ కనిపిస్తుందా అండీ?" అని అడిగాను.

"కనిపిస్తుందంటండి. కోటేష్ చెప్పాడు." ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నాకు ప్రాథమిక జ్ఞానం లేదండి, నిజమే. నేనెప్పుడు కాదన్నాను? కాని రాత్రి ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఒక గిన్నెలోంచే పప్పు వేసుకున్నాం కదా. ఆ పిట్ట నువ్వనుకున్నది కాదు జయపాల్ అని అప్పుడు చెప్పొచ్చుగా. నేను ఫొటో తెరిచి చూపిస్తుంటే టీవీ సౌండు పెంచింది."

బయట నా బస్సు వచ్చింది. ఆయన మైకు తీసి, "గుంటూరు వెళ్ళు బస్సు..." అని చదివాడు. గొంతులో రవ్వంత తేడా లేదు.

అక్క ఇంటి నుంచి నేను తిరిగివచ్చాక, క్రిస్టీనా మేడమ్ మా తలుపు కొట్టింది. తెల్లవారి ఇంకా పాలు కూడా కాచలేదు.

"నా స్కూటర్ షెడ్డులో ఉంది. నీ బండి మీద వాడరేవు వస్తావా? పిట్టలు వెళ్ళిపోయేలోపు రంగు ఎంత తిరిగిందో చూడాలి" అని, నేను అడగకుండానే, "ఆయనేదో అన్నాడని కాదు" అంది.

వెళ్ళాం. రిసార్టుల ముందు శనివారపు జనం అప్పుడే లేచి ఒడ్డుకి వచ్చారు. ఒకడు అద్దె బండి, నాలుగు చక్రాలది, ఇసుక మీద గిరగిరా తిప్పుతున్నాడు. ఖాళీ సీసాలు చూసి ఆవిడ, "వీళ్ళకి తాగటానికి సముద్రం ఎందుకు, బాత్‌రూమ్‌లో బకెట్ చాలదా?" అంది. ఆ ఒక్క విషయంలో నాకు ఆవిడతో పేచీ లేదు.

గుంపు అక్కడే ఉంది. ఈసారి ఆవిడ స్కోపు నేరుగా నీలం పడవ వైపే పెట్టింది. నేను చూస్తున్నానని కూడా పట్టించుకోలేదు. చాలాసేపు కదలలేదు. తర్వాత నన్ను చూడమని పక్కకు జరిగింది. నాలాంటిదానికి కూడా కనిపించింది. పొట్టిగా గుండ్రంగా ఉన్న పిట్టల మధ్య ఒకటి తలెత్తి నిలబడి ఉంది. ముక్కు బలంగా ఉంది, కాళ్ళు లేత పచ్చగా ఉన్నాయి. తక్కినవి పరుగెత్తి, ఆగి, మళ్ళీ పరుగెత్తుతుంటే అది ఆగినచోట తీరిగ్గా నిలబడి ఇసుక కేసి చూస్తోంది. ఎడమ రెక్కలో ఒక ఈక విరిగి బయటికి వేలాడుతోంది. ఆ విరిగిన ఈక నేను బస్టాండులో చూసిన ఫొటోలో కూడా ఉంది.

నాలుగు చక్రాల బండి మా వైపు తిరిగింది. గుంపంతా లేచింది. ఎగిరినప్పుడు ఆ ఒక్కదాని కాలివేళ్ళు తోక దాటి కనిపించాయి. ఆవిడ కెమెరా వరసగా టకటకా కొట్టింది.

"అదేనా మేడమ్?"

"పెద్దదే" అంది ఆవిడ. కెమెరా తెర మీద ఫొటోలు చూసుకుంటోంది. ముఖం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆవిడని నేను ఎప్పుడూ చూడలేదు. ఆ సంతోషం చూసి నాకే ఒక్కక్షణం బాగుందనిపించింది.

"జయపాల్ గారికి ఫోన్ చేయండి" అన్నాను.

"ఎందుకు?"

"ఆయన చెప్పిందే కదండీ ఇది. ఆ ఈక చూడండి."

ఆవిడ నన్ను, క్లాసులో చేప బొమ్మ తలకిందులుగా గీసిన పిల్లను చూసినట్టు చూసింది. "ఆయనకేం తెలుసు రమ్యా? ఎత్తుగా ఉందన్నాడు. ముక్కు సంగతి చెప్పాడా? ఎగిరినప్పుడు కాళ్ళు చూశాడా? గుడ్డిగా ఒక పేరన్నాడు, కుదిరింది. దాన్ని చూడటం అనరు. నేను రికార్డు పెట్టేదాకా ఎవరితోనూ అనకు."

మధ్యాహ్నానికల్లా పెట్టింది. తన పేరు మీదే పెట్టింది, తనే ఒప్పుకుంది. జయపాల్ గారి ప్రస్తావన ఎక్కడా లేదు. తను కొట్టేసిన ఆయన రికార్డుని తిరిగి ఒప్పుకోవాలని కూడా తోచలేదు. లేదా తోచినా చేయలేదేమో, నాకు తెలియదు. రెండిట్లో ఏది నిజమైనా నా అభిప్రాయం మారదు.

ఒక పత్రిక జిల్లా పేజీలో వేశారు: వాడరేవుకు అరుదైన అతిథి, గుర్తించిన చీరాల అధ్యాపకురాలు. మా ప్రిన్సిపాల్‌కి ఏడాదికొకసారైనా ఎవరికో ఒకరికి శాలువా కప్పకపోతే తోచదు. ఆయన సెమినార్ హాల్లో సభ పెట్టాడు. జయపాల్ గారిని కూడా పిలిచి వేదిక మీద భార్య పక్కనే కుర్చీ వేయించాడు. ఆయన డ్యూటీ యూనిఫాం మీదే వచ్చాడు.

క్రిస్టీనా మేడమ్ చాలాసేపు మాట్లాడింది. చిన్నదానికీ పెద్దదానికీ ఉన్న తేడాలు తెర మీద ఫొటోలు వేసి చూపించింది. ఇన్నేళ్ళూ ఎంతమంది పొరపాటు పడ్డారో, ఆ పొరపాట్లన్నిటినీ తను ఎలా ఏరిపారేసిందో చెప్పింది. తొందరపాటు వేరు, పరిశీలన వేరు అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

చివర్లో ప్రిన్సిపాల్, "జయపాల్ గారి గొంతు ఊరందరికీ పరిచయమే. వారు కూడా రెండు ముక్కలు చెప్తారు" అంటూ మైకు అందించాడు. జయపాల్ గారు వద్దన్నట్టు చెయ్యి ఊపి, మళ్ళీ ఏమనుకున్నాడో లేచాడు.

"మైకు పట్టుకోవటం నా ఉద్యోగమేనండి, కాని పిట్టల గురించి నాకేం తెలియదు" అన్నాడు. హాలంతా నిండింది ఆ గొంతు. "నేను కూడా ఆ పిట్టని చూశానండి. నేను చూసినప్పుడు అది చిన్నదండి. మేడమ్ చూశాక పెద్దదైంది."

హాలు గొల్లుమంది. భార్యని మెచ్చుకునే మంచి మొగుడి హాస్యమనుకున్నారు. ప్రిన్సిపాల్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. కోటేష్ నవ్వలేదు, నేలకేసి చూశాడు. క్రిస్టీనా మేడమ్ శాలువా సర్దుకుంది. జయపాల్ గారు కూర్చుంటూ ఆవిడ వైపు ఒకసారి చూశాడు. మెత్తటి మనిషి చూపు అది కాదు. ఒడ్డున పడేసిన సీసాలను ఆవిడ ఎలా చూసేదో అచ్చం అలా ఉంది. ఇన్నేళ్ళు పక్కనుండి ఆయన కూడా నేర్చుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది ఎవరో పనిగట్టుకుని చేసింది కాదు. రాష్ట్రం మొత్తం రికార్డులు చూసేవాళ్ళు వేసవిలో అన్నీ తిరగేస్తారు. వాడరేవు పేజీలో ఒప్పుకున్న పెద్ద ఇసుక ప్లవర్ ఒకటి, దానికి కాస్త ముందు తేదీతో కొట్టేసినది ఒకటి కనిపించాయి. రెండు ఫొటోల్లోనూ అదే విరిగిన ఈక. ముందుదాన్ని కొట్టేసింది, తర్వాతదాన్ని ఎక్కించింది, దాన్ని ఒప్పుకున్నది ఒక్కరే. సంజాయిషీ అడిగారు. ఆవిడ, తన సంజాయిషీ అర్థం చేసుకునే స్థాయి అడిగేవాళ్ళకి ఉండాలని రాసింది. వాళ్ళు ఇంకేమీ రాయలేదు. జయపాల్ గారి రికార్డును నిలబెట్టి, మొదట చూసినవాడిగా ఆయన పేరుంచి, జిల్లా బాధ్యత ఒంగోలులో ఉండే ఇంకొకరికి ఇచ్చేశారు.

ఆ కబురు తెలిసిన సాయంత్రం ఆవిడ కాలేజీ నుంచి నేరుగా బస్టాండుకి నడిచింది. నేను పక్కనే ఉన్నాను, ఆపలేకపోయాను. కంట్రోలర్ గది కిటికీ ముందు నిలబడి, వెనక ప్రయాణికులున్నారని కూడా చూడకుండా అడిగింది.

"నువ్వేగా వాళ్ళకి రాసింది?"

"నేను రాయలేదు."

"అబద్ధం. మరెవరు రాస్తారు?"

"ఎవరూ రాయక్కర్లేదు క్రిస్టీ. నాది అక్కడే ఉంది, నీదీ అక్కడే ఉంది. కళ్ళున్నవాడు ఎవడైనా చూస్తాడు."

"నీ పేరు పెట్టలేదనేగా ఈ ఏడుపంతా? పెట్టారుగా ఇప్పుడు. ఫ్రేము కట్టించుకో."

"పేరు నాకెందుకు?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "ఆ రోజు ఒక్కసారి తల తిప్పి చూడమన్నాను. అంతే కదా అడిగింది."

"నువ్వు చెప్తే చూడాలా?"

ఆవిడ ఆ మాట కోపంలో అనలేదు. నిజంగానే అడిగింది. అందుకే అది ఇంకా నీచంగా వినిపించింది. కిటికీ దగ్గర చంటిపిల్లనెత్తుకుని నిలబడ్డ ఒకామె ఆవిడని ఎగాదిగా చూసి పక్కకి జరిగింది. జయపాల్ గారు మైకు ఆన్ చేసి పర్చూరు బస్సు పిలిచాడు.

వాళ్ళు విడిపోలేదు. ఆ ఇంట్లో అరుపులు కూడా పెరగలేదు. ఆదివారం ఒకే ఆటోలో చర్చికి వెళ్తారు. ఆయన కాయిర్‌లో నిలబడతాడు, ఆవిడ మూడో వరసలో కూర్చుంటుంది. ఆయన స్టాండు మోయటం మాత్రం మానేశాడు. ఆవిడ దాన్ని స్కూటర్‌కి తాడుతో కట్టుకుని ఒక్కతే వెళ్తోంది.

మళ్ళీ పిట్టలొచ్చే కాలానికి కోటేష్, జయపాల్ గారు, డిపోలో మెకానిక్ ముదస్సిర్, ఇంకో ఇద్దరు ముగ్గురు కలిసి శనివారాలు వాడరేవు వెళ్ళటం మొదలుపెట్టారు. నేనూ వెళ్తాను. చెప్పొద్దూ, మా బృందానికి పిట్టలేమీ తెలియవు. ఒకరు ప్లవరంటారు, ఒకరు కాదంటారు, చివరికి ముదస్సిర్ తెచ్చిన సమోసాలు తింటూ పుస్తకం తిరగేస్తాం. తేలకపోతే తేలలేదని రాస్తాం.

డిసెంబరులో ఒకరోజు క్రిస్టీనా మేడమ్ కూడా అక్కడే ఉంది, ఒడ్డు వెంబడి కాస్త దూరంలో. ఆవిడ మా వైపు చూడలేదు, మేమూ పలకరించలేదు. ఇంతలో జయపాల్ గారు గుంపులో ఒకదాన్ని చూపించి, "అదిగో, అది పెద్దదేమో చూడండి" అన్నాడు. అందరం బైనాక్యులర్స్ ఎత్తాం. అందరూ తల తిప్పారు. తలా ఒక మాటా అన్నారు.

ఆయన గొంతు ఎంత తగ్గించినా వినపడే గొంతు. ఆవిడ స్కోపు వదిలేసి ఇసుకలో నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది. ఆయన ముందు నిలబడింది.

"అది చిన్నదే. ముక్కు చూడు, కంటిదాకా కూడా రాదు. కాళ్ళు నలుపు. మార్చిలో ఒకటి కుదిరిందని ప్రతిదీ పెద్దదైపోతుందా?"

ఆవిడ చెప్పింది నిజమే. పుస్తకం తీసి చూస్తే మాకూ తెలిసింది. అది చిన్నదే.

జయపాల్ గారు బైనాక్యులర్స్ దించాడు. కిటికీ దగ్గరికొచ్చి బస్సు ఆలస్యమైందని నిలదీసే ప్రయాణికురాలితో మాట్లాడినట్టు, నిండు మర్యాదతో, "అలాగేనండీ మేడమ్" అన్నాడు. అని ముదస్సిర్ వైపు తిరిగి, "పుస్తకంలో చిన్నదాని పేజీ తియ్యండి భాయ్" అన్నాడు.

ఆవిడ ఇంకా నిలబడే ఉంది. ఆయన వాదిస్తాడనో, ఎప్పటిలా నవ్వి ఊరుకుంటాడనో అనుకుని ఉంటుంది. మేడమ్ అన్న పిలుపు ఆవిడకి రోజూ వందసార్లు వినపడేదే. ఆయన నోట మాత్రం కొత్త. ఎవరూ తన వైపు చూడటం లేదని గమనించి, వచ్చినదారినే వెనక్కి వెళ్ళింది. స్టాండు భుజానికెత్తుకుంటుంటే దాని కాలొకటి జారి ఇసుకలో గుచ్చుకుంది. కోటేష్ సాయం వెళ్ళబోయాడు. జయపాల్ గారు అటు చూడలేదు. నేను కూడా కూర్చునే ఉన్నాను. ఆవిడే లాక్కుని, దులుపుకుని, పడవల వైపు నడిచింది.